నైరుతి మూలలో రెండు సబ్‌వూఫర్లు

ముప్పై ఎనిమిదేళ్ళకే రిటైరయ్యానంటే యానాంలో మా చుట్టాలు నవ్వుతారు. పెన్షన్ లేదు, శాలువా లేదు, వీడ్కోలు సభ లేదు. అయినా మాట నిజం. నా వృత్తిలో చెవి ఒక పనిముట్టు. కిందటేడు ఎడమ చెవిలో సన్నగా ఒక కూత మొదలైంది, మళ్ళీ ఆగలేదు. పరీక్ష చేసిన డాక్టరమ్మ గ్రాఫు నా ముందు పెట్టి, ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. ఇంకేదైనా చూసుకోమంది. గ్రాఫులు చదవడం నాకు వచ్చు కాబట్టి వాదించలేదు.

ఇప్పుడు హోమ్ థియేటర్ సామాను అమ్మే కొట్లో కూర్చుని గదుల ప్లాన్లు గీస్తాను. ఇళ్ళకు వెళ్ళి సబ్‌వూఫర్లు సర్దే పని చేయను. పుదుచ్చేరిలో ఆ పనిలోకి కొత్తగా దిగుతున్నవాళ్ళు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు: ఏ బ్రాండు, ఎన్ని అంగుళాలు, ఎన్ని వాట్లు. ఈ మూడింటి గురించీ నేను ఇక్కడ ఏమీ రాయడం లేదు.

పని అసలు ఏమిటి

సబ్‌వూఫర్ అంటే ఉరుము, లారీ ఇంజను, డోలు దెబ్బ లాంటి బరువైన శబ్దాలను మాత్రమే పలికించే పెట్టె. మిగతా స్పీకర్లు ఎక్కడ ఉండాలో పెట్టెలో వచ్చే కాగితంలో ఉంటుంది. దీన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం గదిని అడిగి తెలుసుకోవాలి.

కారణం పెద్ద రహస్యం కాదు. ఈల శబ్దపు తరంగం అంగుళాల్లో ఉంటుంది. బేస్, అంటే ఈ బరువైన శబ్దపు తరంగం, గది పొడవంత ఉంటుంది, ఒక్కోసారి దానికి రెండింతలు. అంత పొడవైనది ఎదుటి గోడకు తగిలి వెనక్కి వచ్చి, వెనకాలే వస్తున్న తరంగంతో కలుస్తుంది. కలిసినప్పుడు గదిలో కొన్ని తావుల్లో గుట్టలా పోగవుతుంది, కొన్ని తావుల్లో గుంత పడుతుంది. గుట్టలో కూర్చున్నవాడికి గుండె అదురుతుంది. గుంతలో కూర్చున్నవాడికి ఏమీ వినపడదు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం ఉంటుంది.

రెండు సబ్‌వూఫర్లు పెట్టేది శబ్దం రెట్టింపు చేయడానికి కాదు. ఒకటి గుంత పెట్టిన చోట రెండోది పూడ్చాలి. అందుకే నేను చెప్పేవి ఇవి:

ఒకటి. రెంటినీ పక్కపక్కన పెడితే అవి రెండు కావు, ఒక పెద్దది. ఆ గుట్టలూ గుంతలూ అక్కడే ఉంటాయి, ఇంకాస్త లోతుగా.

రెండు. గుట్టను ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనంతో, చెక్కవచ్చు. గుంతను దాంతో పూడ్చలేరు. ఎంత పోసినా ఆ తావులో రద్దవుతూనే ఉంటుంది, యాంప్లిఫయర్ మాత్రం కాలుతుంది.

మూడు. రెండోది కలిపాక బేస్ తగ్గితే, ఒకటి ముందుకు తోస్తున్నప్పుడు ఇంకొకటి వెనక్కి లాగుతోందని అర్థం. వైరు తిరగబడిందేమో ముందు చూడండి. పిళ్ళైచావడిలో సముద్రం పక్క ఇంట్లో ఇదే జరిగితే, ఉప్పు గాలికి పెట్టె పాడైందని అందరూ కలిసి దాన్ని విప్పి పెట్టారు. దాని వెనక ప్లస్సు, మైనస్సు మారాయి, అంతే.

నాలుగోది రాయడానికి కొంచెం స్థలం కావాలి.

దామోదరన్ సార్

నాకు పని నేర్పినది మా కొట్టు యజమాని జి. దామోదరన్ సార్. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవలేరు. బిల్లు తమిళంలో రాస్తారు, యాంప్లిఫయర్లను ఇంగ్లిష్‌లో తిడతారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో సగం పాటించాలి, సగం వదిలేయాలి.

వదిలేయాల్సింది: కొట్లోకి ఎవరొచ్చినా బేస్ బాగా పెంచి ఒక పేలుడు దృశ్యం పెట్టేవారు. వచ్చినవాళ్ళు చొక్కా ఊగడం చూసి మురిసిపోయేవారు. ఆ అలవాటు వల్ల ఈ ఊళ్ళో చాలామందికి బేస్ అంటే పేలుడే అయింది. బాగా కుదిరిన బేస్ వేరుగా వినపడదు, సినిమాలో కలిసిపోతుంది. అది కొట్లో చూపిస్తే అమ్ముడుపోదని ఆయన వాదన. పేలుడు అమ్ముడుపోయేది, నిజమే.

పాటించాల్సింది: పాకడం. సబ్‌వూఫర్‌ను జనం కూర్చునే కుర్చీలో పెట్టి, ఒకే బేస్ వరసను మళ్ళీ మళ్ళీ మోగించి, మనం గోడల వెంట నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ శబ్దం పొంగకుండా, పడిపోకుండా సమంగా ఉందో అక్కడ గుర్తు పెట్టుకోవాలి. పెట్టెను ఆ తావులో పెట్టి మనం కుర్చీలో కూర్చుంటే అదే శబ్దం వినపడుతుంది. రెండు చోట్లూ తారుమారు చేసినా మధ్యలో గది చేసే పని మారదు. మైకు, లాప్‌టాప్ వచ్చాక కూడా నేను ముందు పాకి, తరవాతే కొలిచేవాణ్ణి. గ్రాఫు ఎంత పొంగిందో చెబుతుంది. ఏ కిటికీ రెక్క అదురుతోందో చెప్పదు.

ఆయన ఇంకో మాట అనేవారు. "అమ్మడం యాడికీ పోదు, ముందు పోయి చూసి రా." నటేశన్ నగర్ ఇంటికి నన్ను పంపింది ఆ మాటతోనే.

మూడోది కావాలన్న ఇల్లు

ఆ ఇంటి పెద్దాయన పేరు ఆర్. గోవిందరాజులు. బాహూరు వైపు వడ్లు కొని మిల్లులకు పంపే వ్యాపారం. తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. మేడ మీద ఆయన, భార్యాపిల్లలు. కింద తమ్ముడు సుదర్శనం, ఆయన భార్య కల్పన. తల్లి అలివేలమ్మగారు కింద పడుకుంటారు, మీద టీవీ చూస్తారు. వంట అందరికీ కిందే. తమ్ముడు బ్యాంకు ఉద్యోగి, ఆ సమయానికి ఆడిట్ పని మీద కారైకాల్లో ఉన్నాడు.

గోవిందరాజులుగారు కొట్టుకు ఫోన్ చేసి మూడో సబ్‌వూఫర్ కావాలన్నారు. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను.

"రెండు ఉండాయి తమ్ముడూ. అయినా బాంబు పడితే ఏదో పక్క వీధిలో పడినట్టుంటాది," అన్నారు. "మూడోది తెచ్చి పెట్టేసెయ్. ఇంతా ఖర్చు చేసి ఇదేంది, ట్రాన్సిస్టర్ మాదిరి."

గది పొడవు పద్దెనిమిది అడుగులు. ఉత్తరం గోడకు తెర. ఆయన వాలు కుర్చీ గదికి సరిగ్గా నడుమ, ఫ్యాను కింద. రెండు సబ్‌వూఫర్లూ వెనక, నైరుతి మూలలో, ఒకదాని మీద ఒకటి. మూలలో పెట్టిన పెట్టె గదిలోని తరంగాలన్నిటినీ బలంగా లేపుతుంది. గది పొడవున లేచే మొదటి తరంగానికి గుంత పడేది సరిగ్గా నడుమ, అంటే ఫ్యాను కింద. ఆయన డబ్బు పెట్టి కొన్న శబ్దం గదిలో ఆయన కుర్చీని తప్ప అన్ని మూలలనూ నింపుతోంది. వినపడక ఆయన వాల్యూమ్ పెంచుతున్నారు.

"ఇక్కడ పెట్టమన్నది ఎవరండీ?" అని అడిగాను.

"నేను," అన్నారు అలివేలమ్మగారు తలుపు దగ్గర స్టూలు మీంచి. "అంత బరువు సామాను నైరుతిలో గాక యాడ పెడతారప్పా?"

ఈ మాట ఈ ఊళ్ళో నేను చాలా ఇళ్ళలో విన్నాను. బరువు నైరుతిలో ఉండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి. మొదట్లో నాకు విసుగొచ్చేది. తరవాత ఇది కూడా గది కొలతల్లో ఒకటి అని రాసుకోవడం మొదలుపెట్టాను. కానీ ఆ వాస్తు శాస్త్రమే ఇంకో మాట కూడా చెబుతుంది: ఇంటివాళ్ళ పడకగది నైరుతిలో ఉండాలి. మేడ మీద నైరుతిలో సబ్‌వూఫర్లు, దాని కింద నైరుతిలో మంచం. ఒకే నియమాన్ని రెండంతస్తుల్లో రెండుసార్లు సరిగ్గా పాటించారు.

"కింద ఈ మూలలో ఏముందండీ?"

గోవిందరాజులుగారు తల్లి వైపు చూశారు. అలివేలమ్మగారు చెప్పారు. "మా చిన్నోడి పడకగది. ఆడి నెల పోతానే ఇల్లు మారిపోతారంట. లాస్‌పేటలో చూసుకున్నారు."

మన ఆషాఢం లాంటి ఈ తమిళ నెలలో ఇల్లు మారరు కాబట్టి ఆగారు. ఆడి సగం అయిపోయింది.

"ఈ శబ్దానికేనంట," అన్నారు గోవిందరాజులుగారు. "నాకే వినపడని శబ్దం వాళ్ళకి వినపడతా ఉండాదంట. పోవాలనుంటే పోతామని చెప్పొచ్చు గదా. నా సామాను మీద ఎందుకు పెట్టడం?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన కుర్చీలో నిజంగానే ఏమీ లేదు. తమ్ముడు సాకు చెబుతున్నాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి రుజువు, రోజూ సాయంత్రం ఆయన సొంత చెవులతో వింటున్నదే.

పాకడం

చిన్న సబ్‌వూఫర్ ఒకటి వెంట తెచ్చాను. దాన్ని ఆయన కుర్చీలో కూర్చోబెట్టి, వరస మోగించి, పాకడం మొదలుపెట్టాను.

"ఏంది అయ్యా, ఏమన్నా పారేసుకున్నావా?" అన్నారు అలివేలమ్మగారు.

"తావు వెతుకుతున్నానమ్మా."

"శబ్దం యాడ బాగుంటదో చూస్తా ఉండాడు లేమ్మా," అన్నారు కొడుకు.

"చెవులతోనా, మోకాళ్ళతోనా?"

"రెండూ కావాలమ్మా."

"మా మనవడు ఏడాదికే మానేశాడు," అన్నారావిడ.

నైరుతి మూల దగ్గర శబ్దం గుంతలో పడినట్టు పడిపోయింది, ఈశాన్యంలోనూ అంతే. దక్షిణం గోడ నడుమ, కుర్చీ వెనక, సమంగా ఉంది. ఉత్తరం గోడ నడుమ, తెర కింద, మళ్ళీ సమంగా ఉంది. ఎదురెదురు గోడల నడుమ రెండూ కలిసి ఒకే దిక్కుకు తోస్తే, గది పొడవున లేచే మొదటి తరంగం రెండు వైపుల నుంచీ నొక్కుకుపోయి లేవదు. కుర్చీ దగ్గర గుంతా ఉండదు, మూలల్లో గుట్టా ఉండదు. మైకు పెట్టి కొలిచి, లాప్‌టాప్‌లో గ్రాఫు చూపించాను.

"ఇది నీ కంప్యూటరు గీసింది," అన్నారు గోవిందరాజులుగారు. "మూడోది పెడతావా, పెట్టవా?"

కింద కూడా కొలవాలన్నాను. ఆయన మెట్ల వైపు చెయ్యి చూపించారు కానీ కదల్లేదు.

కింద గది

కల్పనగారు పడకగది తలుపు తీసి పక్కకు నిలబడ్డారు. మంచం, స్టీలు బీరువా, దాని మీద ఒక రాగి చెంబు. మీద మామూలుగా పెట్టే వాల్యూములో ఒక సినిమా పెట్టమని గోవిందరాజులుగారికి ఫోన్‌లో చెప్పాను. బీరువా తలుపు పిడి గణగణమంది. చెంబు మెల్లగా అంచు వైపు జరిగింది. కల్పనగారు చూడకుండానే చెయ్యి చాపి దాన్ని వెనక్కి తోశారు.

"రోజూ ఇంతేనాండీ?"

"సినిమాని బట్టి తమ్ముడూ. కుటుంబ కథైతే నిద్రపోతాం."

"పెద్దాయనకు చెప్పలేదా?"

"మా ఆయన చెప్పినారు వాళ్ళ అన్నకి. బావగారు నమ్మలేదు."

"ఒకసారి వచ్చి వినమనాల్సింది."

ఆమె నావైపు కొంచెం వింతగా చూశారు. "ఇది మా పడకగది తమ్ముడూ. బావగారు ఎట్లా వస్తారు?"

అప్పుడు అర్థమైంది. తమ్ముడి భార్య పడుకునే గదిలోకి బావగారు అడుగు పెట్టరు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఆ గడప దాటలేదు. అలాగే బావగారి ఎదుట ఆమె ఆ థియేటర్ గదిలో కూర్చోలేదు. పనుంటే తలుపు దగ్గర నిలబడి మాట్లాడి వచ్చేస్తారు. ఇంట్లో అందరూ ఒకే కూర తింటారు, కానీ ఆమె వినేది ఆయన ఒక్కసారీ వినలేదు, ఆయన కుర్చీలో ఏమీ వినపడదని ఆమెకూ తెలియదు.

మీదికి వెళ్ళి, కింద ఒకసారి వినమని ఆయన్ని అడిగాను. ముఖం తిప్పుకున్నారు.

"నువ్వు కొలిచినావు గదా, చాలు."

"నా గ్రాఫు మీరు నమ్మరు కదండీ."

అలివేలమ్మగారు స్టూలు మీంచి లేచారు. "నేను వస్తా పా."

"అమ్మా, ఆ గదిలోకి నేనెట్లా..."

"నేను పక్కన ఉండంగా ఏం? ఇల్లు రెండైనాక పోయి చూస్తావా ఆ గది? పా."

ఇంకో చిక్కు వచ్చింది. ఆయన కింద ఉంటే మీద వాల్యూమ్ ఎవరు పెట్టాలి? ఆయన భార్య పిల్లలతో పుట్టింటికి వెళ్ళారు. "కల్పన పోతాది," అన్నారు అలివేలమ్మగారు. రిమోట్ కొడుకు చేతిలోంచి కోడలి చేతికి ఆవిడే అందించారు.

గడప దగ్గర ఆయన చెప్పులు లేని కాళ్ళను కూడా ఒకసారి తుడుచుకున్నారు. లోపలికి వచ్చి మంచం వైపు చూడకుండా బీరువా పక్కన నిలబడ్డారు. మీద మొదలైంది. పిడి గణగణమంది. ఆయన బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించారు, ఆగలేదు. రెండో చెయ్యి కూడా పెట్టారు. రాగి చెంబు జరగడం మొదలుపెడితే అలివేలమ్మగారు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఇది... నేను రోజూ పెట్టేదేనా?" అని నన్ను అడిగారు.

"అదేనండీ. మీకు వినపడేలా పెట్టేది."

"ఎప్పుడూ ఇంతేనా అమ్మా?"

"నాకు కొంచెం చెవుడు గదా నాయనా. నేను ముందుగదిలో పడుకుంటా. వాళ్ళు చెప్తే నువ్వే గదా సాకు అంటివి."

ఆయన బీరువా మీంచి చేతులు తీశారు. మేడ ఎక్కేటప్పుడు మెట్ల మీద నాతో, "ఆ మూడోది వద్దులే," అన్నారు.

మోగని బరువు

ఇంతవరకూ రుజువైంది శబ్దం మాత్రమే. నైరుతి అలాగే ఉంది. పెట్టెలు మూల నుంచి తీస్తానంటే అలివేలమ్మగారు ఒప్పుకోలేదు.

"ఈశాన్యంలో పెడతానంటావు. ఇల్లు నిలవదు."

"ఈశాన్యం కాదమ్మా. గోడ నడుమ. అటొకటి, ఇటొకటి."

"మూల గాదా?"

"ఏ మూలా కాదు."

ఆవిడ గోడ నడుమను కాసేపు చూశారు. "నడిమి గోడకైతే ఎవరూ ఏమీ చెప్పలేదు," అన్నారు. "కానీ నైరుతి ఖాళీగా ఉండకూడదు. ఆడ బరువు ఉండాల."

బీరువా పెడదామా అన్నారు కొడుకు. అది మోగుతుందని నేనన్నాను. చివరికి అలివేలమ్మగారే తేల్చారు. పెరట్లో గ్రైండర్ వచ్చాక వాడకం మానేసిన రుబ్బురోలు ఉంది. దాన్ని గోనెసంచిలో చుట్టి గోవిందరాజులుగారూ నేనూ మెట్టు మెట్టుకీ ఆగుతూ మేడ మీదికి చేర్చాం. ఈ వృత్తిలో నేను మోసిన బరువుల్లో అంత బరువైనది లేదు. నైరుతి మూలలో దింపాక ఆవిడ పసుపు కూడా రాశారు.

మిగతాది మామూలు పని. రెండు పెట్టెలనూ గోడల నడుమ పెట్టాను. కింద మందపు రబ్బరు దిమ్మలు వేశాను, అదురు శ్లాబులోకి దిగకుండా. విడివిడిగా కొలిచి రెంటి మట్టం సమం చేశాను, రెండూ ఒకే దిక్కుకు తోస్తున్నాయని చూసుకున్నాను. కుర్చీని ఫ్యాను కింద నుంచి ఒకటిన్నర అడుగు వెనక్కి జరిపించాను. దానికి మాత్రం ఆయన చాలాసేపు బేరమాడారు. మిగిలిన ఒక్క గుట్టను ఈక్వలైజర్‌తో చెక్కాను. ఇంతా అయ్యాక, ఆయన కుర్చీలో ఇదివరకటి కంటే నిండుగా వినపడుతుంటే, వాల్యూమ్ బాగా తగ్గించాల్సి వచ్చింది. కింద గదికి అన్నిటికంటే మేలు చేసింది ఆ తగ్గింపే. శబ్దం పూర్తిగా పోయిందని నేను చెప్పను. బీరువాకు చెవి ఆనిస్తే ఉంటుంది.

ఇక నాలుగోది. శబ్దం బాగుందో లేదో అది కొన్నవాడి కుర్చీలో తేల్చకండి. దాన్ని భరించేవాడి తావుకు వెళ్ళి వినండి, వీలైతే కొన్నవాణ్ణి అక్కడికి తీసుకెళ్ళండి. గ్రాఫు ఆ పని చేయదు. ఆ ఇంటి తరవాత, గది కొలిచేటప్పుడు కింద గదిలో ఎవరుంటారు, ఎవరు ఎవరి గడప తొక్కరు అని కూడా అడిగేవాణ్ణి. కస్టమర్లకు వింతగా ఉండేది.

చివరి పరీక్ష అలాగే చేశాం. ఈసారి గోవిందరాజులుగారిని ఎవరూ బతిమాలలేదు. తల్లితో కలిసి తానే దిగి వెళ్ళి, గడప దాటి, బీరువా పక్కన నిలబడ్డారు. రాగి చెంబును దాని స్థానంలో తానే పెట్టారు. నేను ఆయన పక్కన ఉన్నాను. మీద కల్పనగారు. కిందికి దిగే ముందు, నిలబడి ఎంతసేపని అత్తగారు కసిరితే, ఆమె వాలు కుర్చీ అంచు మీద కూర్చుని రిమోట్ పట్టుకున్నారు. పేలుళ్ళున్న సినిమాయే పెట్టమన్నాం.

మేం నిలబడ్డాం. ఫ్యాను తిరుగుతోంది. చెంబు కదల్లేదు. కాసేపయ్యాక గోవిందరాజులుగారు అసహనంగా తల పైకెత్తారు.

"కల్పనా, ఇంకా పెట్టలేదేమ్మా?" అని గట్టిగా అడిగారు.

నేను ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఏమైందోనని ముగ్గురం మేడ ఎక్కాం. తెర మీద ఒక వంతెన కూలిపోతోంది. గదంతా నిండుగా ఉరుముతోంది. కల్పనగారు కుర్చీలో పూర్తిగా వెనక్కి వాలి, కాళ్ళు పైకి పెట్టుకుని చూస్తున్నారు. ఫోన్ ఒళ్ళోనే ఉంది.

మమ్మల్ని చూసి గభాలున లేవబోయారు.

"కూర్చో, కూర్చో," అన్నారు గోవిందరాజులుగారు. తాను వెళ్ళి నైరుతి మూలలో రుబ్బురోలు మీద కూర్చున్నారు. "అయిపోనీ. సుదర్శనానికి నేను ఫోన్ చేసి చెప్తా, లాస్‌పేట వద్దని."